బత్తాయి తోటలో ఇల్లు, కరెంటు లేదు, బోరులో ఫ్లోరైడ్: ఒక కేస్ స్టడీ

కరెంటు లైను లేని ఇంటికి ఏ ఫిల్టర్ పెట్టుకోవాలని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. తోటల్లో, చెలకల్లో ఇళ్లు కట్టుకుంటున్నవాళ్లు ఎక్కువవుతున్నారు. సోలార్ చవకైంది. బోరు ఎలాగూ ఉంటుంది. మిగిలింది తాగునీళ్లే. నేను నల్లగొండలో ఉండి నీటి పరీక్షలు, ఇళ్లకు శుద్ధి ఏర్పాట్లు చేస్తుంటాను. ఈ కేసులో ఒక్కో నిర్ణయం ఎందుకు తీసుకున్నామో వివరంగా రాస్తే ఇంకొకరికి డబ్బు, అంతకంటే ముఖ్యంగా ఆరోగ్యం మిగులుతాయని రాస్తున్నాను. కుటుంబాన్ని, ఊరిని గుర్తుపట్టే వివరాలు వదిలేశాను.

నేపథ్యం

జిల్లాకు పడమటి వైపు, మునుగోడు, మర్రిగూడ, చండూరు ప్రాంతంలో ఒక బత్తాయి తోట. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి రిటైరైన ఆయన, భార్య, ఎనభై దాటిన ఆయన తల్లి ఉంటారు. కొడుకూ కోడలూ నగరంలో ఉద్యోగాల్లో ఉండటంతో నాలుగేళ్ల మనవడు ఏడాదిలో సగం రోజులు ఇక్కడే. ఊరు మూడు కిలోమీటర్లు. మిషన్ భగీరథ పైపు ఊరి వరకు ఉంది, తోట దాకా లేదు. కరెంటు స్తంభాలు వేయించుకోవాలంటే ఖర్చు ఎక్కువని ఇంటికి కిలోవాట్ సోలార్ ప్యానెళ్లు, 24 వోల్టుల బ్యాటరీ బ్యాంకు, ఇన్వర్టర్ పెట్టుకున్నారు. బోరుకు విడిగా సోలార్ మోటారు ఉంది. పగలు నడిచి స్లాబు మీది ట్యాంకు నింపుతుంది.

ఈ ప్రాంతం సంగతి కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. కింద అంతా గ్రానైట్. అందులోని ఫ్లోరైట్, ఎపటైట్, బయోటైట్ లాంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో బైకార్బనేట్ ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉంటే ఇంకా తేలిగ్గా కరుగుతుంది. మన బోర్లలో చాలావాటి స్వభావం అదే. ఆ పెద్దమ్మ పుట్టినప్పటి నుంచి ఈ చుట్టుపక్కలి బావుల నీళ్లే తాగింది. ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుని ఆమె మోకాళ్లు వంగిపోయాయి. మెడ తిప్పాలంటే భుజాలతో సహా తిరగాలి. ఆ ఇంట్లోకి అడుగుపెట్టి ఆమెను చూసినవాళ్లు నీళ్ల గురించి తేలిగ్గా మాట్లాడలేరు.

వచ్చిన సమస్య

ఆయన నాకు ఫోన్ చేసింది ఫ్లోరైడ్ గురించి కాదు. నీళ్లు ఉప్పగా ఉన్నాయి, టీ విరిగినట్టు అవుతోంది, మంచి ఫిల్టర్ చెప్పమని. "సార్, షాపాయన మీటర్ పెట్టి చూపిచ్చిండు. టీడీఎస్ 1,140 ఉన్నదట. అరవైకి దింపుతా అన్నడు. తీసుకోమంటరా?" అని అడిగారు.

టీడీఎస్ మీటర్ నీళ్లలో కరిగిన లవణాలన్నింటినీ కలిపి ఒక అంచనా చెబుతుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. 400 టీడీఎస్ ఉన్న తియ్యటి నీళ్లలో ప్రమాదకరంగా ఫ్లోరైడ్ ఉండొచ్చు, 1,500 ఉన్న ఉప్పటి నీళ్లలో అసలు లేకపోవచ్చు. అందుకే ఏ మెషీనూ కొనొద్దని, ముందు నీళ్లు పరీక్షిద్దామని చెప్పాను. బోరు దగ్గర ఒకటి, స్లాబు మీది ట్యాంకు నుంచి ఒకటి, వంటింటి కుళాయి నుంచి ఒకటి, మూడు సీసాలు తీశాం.

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 4.6 మిల్లీగ్రాములు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 1 దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. పీహెచ్ 8.2 (7 దాటితే నీళ్లు క్షారం వైపు ఉన్నట్టు), ఆల్కలినిటీ, అంటే ముఖ్యంగా బైకార్బనేట్ వల్ల వచ్చే క్షారగుణం 460, కాఠిన్యం 240, నైట్రేట్ 38. నైట్రేట్ హద్దు 45 కాబట్టి అది లోపలే ఉంది. బోరు దగ్గర బ్యాక్టీరియా లేదు. ట్యాంకులో, కుళాయిలో మాత్రం ఉంది. ట్యాంకు మూత గాలికి ఎగిరిపోయి చాలా రోజులైందట.

అంటే సమస్యలు రెండు. ఫ్లోరైడ్ భూమిలోంచి వస్తోంది, బ్యాక్టీరియా ఇంట్లోనే చేరుతోంది. ఒకదానికి పనికొచ్చే మందు రెండోదానికి పనికిరాదు. నాలుగేళ్ల పిల్లవాడు ఉన్నాడు కాబట్టి ఫ్లోరైడ్‌ను ముందు పెట్టాను. శాశ్వత దంతాల ఎనామెల్ తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్ల లోపే. ఆ వయసులో తాగిన ఫ్లోరైడ్ పళ్ల మీద వేసే మచ్చ తర్వాత ఏ నీళ్లు తాగినా పోదు.

ఎన్ని నీళ్లు కావాలి

మెషీన్ల మాట ఎత్తకముందు నేను అడిగే ప్రశ్న ఇదే. స్నానానికి, బట్టలకు, మొక్కలకు బోరు నీళ్లు చాలు. చర్మం గుండా ఫ్లోరైడ్ ఒంట్లోకి చెప్పుకోదగినంత వెళ్లదు. శుద్ధి కావాల్సింది నోట్లోకి పోయే నీళ్లకే.

ఇక్కడ చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఈ ఇంట్లోనూ కనిపించింది. తాగడానికి ఊరి వాటర్ ప్లాంటు నుంచి క్యాన్లు తెచ్చుకుంటున్నారు, వంట మాత్రం కుళాయి నీళ్లతోనే. వంటింట్లో నిలబడి చూశాను. అన్నానికి ఎసరు, పప్పు, చారు, రెండు పూటలా టీ, పిల్లవాడికి జావ, అన్నీ బోరు నీళ్లే. అన్నం ఆ నీళ్లను పీల్చుకుంటుంది. చారు మరిగేకొద్దీ నీళ్లు ఆవిరవుతాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగులుతుంది. క్యాన్ నీళ్లు తాగుతున్నాం కదా అన్న ధైర్యంతో రోజూ ప్లేటులో ఫ్లోరైడ్ తింటున్నారు. మరిగిస్తే పోతుందనుకుని మనవడి నీళ్లను ఆయన భార్య ప్రత్యేకంగా ఇంకాస్త ఎక్కువసేపు మరిగిస్తోంది. దాంతో ఫ్లోరైడ్ చిక్కబడుతుందని చెప్పినప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను.

తాగడానికి, వంటకు కలిపి నలుగురికి రోజుకు 25 లీటర్లు అని లెక్క వేశాం. అప్పుడు తోటలో పనిచేసే కూలీల సంగతి అడిగాను. కలుపుకు, కాయ కోతకు ఆరేడుగురు వస్తారు. వాళ్లు తాగేది డ్రిప్ పైపు విప్పి నేరుగా బోరు నీళ్లు. ఎండలో పనిచేసే మనిషి ఇంట్లో ఉన్నవాళ్లకంటే రెట్టింపు తాగుతాడు, అంటే రెట్టింపు ఫ్లోరైడ్. వాళ్లను లెక్కలోంచి వదిలేసి ఇంటికి మాత్రం మంచినీళ్లు ఏర్పాటు చేయడం నాకు సరైన పని అనిపించలేదు. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. పని ఉన్న రోజుల్లో ఇంకో 20 లీటర్లు కలిపాం.

ప్రయత్నించినవి, పనికిరానివి

క్యాన్ నీళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఎండాకాలం బండి మీద వస్తాయి. వానాకాలం వాగు దాటే బాటలో బురద, వారం రోజులు క్యాను రాదు, ఆ వారం మళ్లీ బోరు నీళ్లే. వంటకు కూడా అవే వాడాలంటే రోజుకు రెండు క్యాన్లు మోయాలి.

నా దగ్గరికి రాకముందే కరెంటు అవసరం లేదని ఒక గ్రావిటీ ఫిల్టర్ కొన్నారు. పై డబ్బాలో పోస్తే లోపలి పొరల గుండా కింది డబ్బాలోకి దిగే రకం. దాని కింద పట్టిన నీళ్లలో కూడా ఫ్లోరైడ్ 4.6 దగ్గరే వచ్చింది. ఇందులో వింతేమీ లేదు. ఆ పొరలు మట్టిని, బ్యాక్టీరియాను ఆపుతాయి. ఫ్లోరైడ్ నీళ్లలో పూర్తిగా కరిగిన అయాన్, పొరల సందుల్లోంచి నీళ్లతో పాటే దిగిపోతుంది. యూవీ దీపమైనా, పటిక వేసి తేర్చినా, చిల్లగింజ అరగదీసినా బురదకో క్రిములకో పనికొస్తాయి గానీ ఫ్లోరైడ్‌ను ఆ పాటి మోతాదులు కదపలేవు.

మోతాదు పెంచితే పటిక పనిచేస్తుంది. నల్లగొండ టెక్నిక్ అని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతి అదే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, బాగా తిప్పి, తేర్చి పై నీళ్లు వాడుకోవడం. కరెంటు అక్కర్లేదు, ఖర్చు తక్కువ. అందుకే దీన్ని గట్టిగానే ఆలోచించాం. కానీ పటిక మోతాదు ఫ్లోరైడ్‌తో పాటు ఆల్కలినిటీని బట్టి కూడా పెరుగుతుంది. ఈ నీళ్లకు లీటరుకు అర గ్రాము పైనే పడుతుంది. రోజూ తూకం వేసి, కలియతిప్పి, గంటల తరబడి తేర్చి, అడుగున దిగిన మడ్డిని పిల్లలు, పశువులు తిరగని చోట పారబోయాలి. మోతాదు తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది. దాని హద్దు లీటరుకు 0.03 మిల్లీగ్రాములే, వేరే దారి లేనప్పుడు 0.2 వరకు. ఈ పనంతా చివరికి ఆ ఇంటి ఆడమనిషి మీదే పడుతుంది. రెండు వారాలు బకెట్లో చేసి చూశారు. ఫ్లోరైడ్ 1.4కు దిగింది, కానీ నీళ్ల రుచి మారిందని పిల్లవాడు తాగలేదు. ఊరంతటికీ ఒక చోట, బాధ్యతగా చూసే మనిషి ఉండి చేస్తే మంచి పద్ధతే. ఒంటరి ఇంట్లో, ఇన్ని పనుల మధ్య రోజూ తప్పకుండా నడవదని ఆపేశాం.

తర్వాత యాక్టివేటెడ్ అల్యూమినా. తెల్లటి గుళికలు నింపిన డబ్బాలో నీళ్లు పోస్తే ఫ్లోరైడ్ ఆ గుళికలకు అంటుకుపోతుంది. దీనికీ కరెంటు అక్కర్లేదు. మొదట్లో 0.4 వచ్చింది, ఇంట్లో అందరూ సంతోషించారు. నేను మాత్రం ప్రతి వారం పరీక్షించమన్నాను. కారణం పీహెచ్. అల్యూమినా ఫ్లోరైడ్‌ను బాగా పట్టేది పీహెచ్ 5.5, 6 మధ్య. ఈ నీళ్లు 8.2. పైగా బైకార్బనేట్ ఎక్కువ, అది కూడా ఆ గుళికల మీద చోటు కోసం పోటీపడుతుంది. లెక్క చూడండి. రోజుకు 25 లీటర్లు, లీటరుకు సుమారు 4 మిల్లీగ్రాములు పట్టుకోవాలంటే రోజుకు 100 మిల్లీగ్రాములు. డబ్బాలో ఐదు కిలోల గుళికలు. కిలో అల్యూమినా ఒక గ్రాము పట్టినా 50 రోజులు. ఈ పీహెచ్‌లో అంత కూడా పట్టదు. అనుకున్నట్టే నెల తిరక్కముందే 1.5 దాటింది. నీళ్లు చూడటానికి, తాగడానికి మొదటి రోజులాగే ఉన్నాయి. పరీక్ష చేయకపోతే ఎవరికీ తెలిసేది కాదు. గుళికలను మళ్లీ పనికి తేవాలంటే కాస్టిక్ సోడా ద్రావణంతో కడిగి, పలచటి ఆమ్లంతో సరిచేయాలి. ఆ కడిగిన నీళ్లలో ఫ్లోరైడ్ బాగా చిక్కగా ఉంటుంది. నాలుగేళ్ల పిల్లవాడు తిరిగే ఇంట్లో కాస్టిక్ డబ్బా పెట్టించడానికి నాకు మనసు రాలేదు.

ఈలోగా వేసవి వచ్చింది. టెన్షన్ పడి ఆయనే ఒక ఆర్ఓ మెషీన్ కొనేశారు. ఫ్లోరైడ్ 0.3కు దిగింది. ఆర్ఓ ఫ్లోరైడ్‌ను తీసేస్తుంది, అందులో సందేహం లేదు. వారం తిరక్కుండా ఫోన్: "సార్, ఫిల్టర్ పెట్టినకాంచి రాత్రి రెండు గంటలకల్ల లైట్లు పోతున్నయ్."

వెళ్లి చూస్తే విషయం అర్థమైంది. ఆర్ఓ పంపు తాగే కరెంటు తక్కువే, 40, 50 వాట్లు. రోజుకు మూడు గంటలు నడిచినా ఒక యూనిట్‌లో ఆరో వంతు కూడా కాదు. కానీ మెషీన్ ఆటోమేటిక్. రాత్రి ఎవరైనా చెంబెడు నీళ్లు పట్టుకుంటే మళ్లీ మొదలవుతుంది. దాని కోసం ఇంతకుముందు రాత్రిపూట ఆపేసే ఇన్వర్టర్‌ను ఇప్పుడు ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో పెడుతున్నారు. ఏ పనీ లేకుండా ఊరికే ఆన్‌లో ఉన్నందుకే ఆ ఇన్వర్టర్ పాతిక వాట్లు తింటోంది. రోజంతా లెక్కేస్తే అర యూనిట్ పైమాటే, ఆర్ఓ వాడే దానికి నాలుగు రెట్లు. ఇక రెండో బాధ, వదిలేసే నీళ్లు. ఒక వంతు మంచినీళ్లకు దాదాపు మూడు వంతులు బయటికి పోతున్నాయి. మే నెలలో బోరు ఆగి ఆగి పోస్తుంటే ఆ పారే నీళ్లు చూసి పెద్దమ్మ తట్టుకోలేకపోయింది. బిందెలు పెట్టి పట్టి తులసికోట దగ్గర, కూరగాయల మడిలో పోస్తోంది. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ 6 దాకా ఉంది. ఆకుకూరలకు, బర్రెకు అవి వద్దని, బాత్రూంకు, వాకిలి చల్లడానికి వాడమని చెప్పాం.

పనిచేసిన ఏర్పాటు

అప్పుడు నేను ఆయనను స్లాబు మీదికి తీసుకెళ్లి ఒక లెక్క చూపించాను. స్లాబు 60 చదరపు మీటర్లు. మన జిల్లాలో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన. అందులో ఐదో వంతు పోయిందనుకున్నా 33,000 లీటర్ల పైనే పట్టుకోవచ్చు. కరువొచ్చి 400 మిల్లీమీటర్లే పడినా 19,000 లీటర్లు. వానలు వెనక్కి తగ్గిన అక్టోబరు నడుమ నుంచి మళ్లీ జూన్ నడుమ దాకా 240 రోజులు. రోజుకు 25 చొప్పున 6,000 లీటర్లు. కూలీలకు, చుట్టాలకు ఇంకో మూడు వేలు. అంటే 10,000 లీటర్లు దాచుకోగలిగితే ఫ్లోరైడ్ లేని నీళ్లు ఏడాది పొడవునా దాదాపు సరిపోతాయి. ఫ్లోరైడ్ భూమిలోంచి వచ్చేది. వాననీళ్లలో దాదాపు ఉండదు. దాన్ని తీసేయడానికి ఇంత తంటాలు పడేకంటే అది లేని నీళ్లు పట్టుకోవడం మేలు. రోజుకు 25 లీటర్లని తేలింది కాబట్టే ఈ దారి తెరుచుకుంది. రోజుకు 500 లీటర్ల లెక్క వేసి ఉంటే వాననీళ్ల ఆలోచనే వచ్చేది కాదు.

ఐదేసి వేల లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు రెండు, ఇంటికి ఉత్తరం వైపు నీడలో, గచ్చు దిమ్మె మీద పెట్టించాం. నల్లవి ఎందుకంటే వెలుతురు దూరితే పాచి పడుతుంది. మొదటి వాన స్లాబును కడిగిన నీళ్లు ట్యాంకులోకి పోకుండా ముందు 60 లీటర్ల డ్రమ్ము. అది నిండగానే లోపలి రబ్బరు బంతి తేలి మూతిని మూసేస్తుంది, ఆ తర్వాతి నీళ్లు ఇసుక, గులకరాళ్లు, బొగ్గు ఉన్న పెట్టె గుండా ట్యాంకుకు వెళ్తాయి. చదరపు మీటరుకు ఒక లీటరు చొప్పున ఆ అరవై. గాలిగొట్టాలకు, పొర్లుగొట్టాలకు దోమతెర.

మొదటి వానాకాలమే ఒక దెబ్బ తగిలింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి, ఫ్లోరైడ్ లేదు. బ్యాక్టీరియా చూసే హెచ్‌టూఎస్ సీసాలో పోసి పెడితే మర్నాటికి నల్లగా మారింది. స్లాబు మీదికి ఎక్కి వెతికాం. వేపకొమ్మ ఒకటి పైకి వంగి ఉంది, దాని కింద నెమళ్ల రెట్టలు. ఒక మూల కందులు ఆరబోసి ఉన్నాయి, చెప్పులతో ఎక్కి దిగుతున్నారు. మెట్ల గదిలో పురుగుమందు కొట్టే పంపు. దాన్ని కడిగేది కూడా స్లాబు మీదేనట. రెట్టలకంటే నాకు ఆ పంపే ఎక్కువ భయం కలిగించింది. బ్యాక్టీరియాకు క్లోరిన్ ఉంది, పురుగుమందుకు ఇంట్లో నమ్మకంగా చేయగలిగిన విరుగుడు లేదు. ఆ పట్టిన నీళ్లన్నీ పారబోయించాను. ఆయనకు కష్టంగా అనిపించినా అడ్డు చెప్పలేదు. పంపు తోట చివరి షెడ్డుకు వెళ్లింది, కొమ్మ కొట్టేశారు, స్లాబును బాగా కడిగారు. జూన్ నుంచి అక్టోబరు దాకా స్లాబు మీద ఏదీ ఆరబోయకూడదని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు.

ట్యాంకులు నిండాక బ్లీచింగ్ పౌడర్ వేశాం, వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున. పౌడర్‌ను నేరుగా వేయకూడదు. చిన్న బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేట పోసి, గంట ఆగాలి. ఆ క్లోరిన్ నెలల తరబడి నిలవదు కాబట్టి వంటింట్లో ఇంకో అడ్డు కావాలి. దానికి, బోరు నీళ్ల దగ్గర ఓడిపోయిందని మూలన పడేసిన గ్రావిటీ ఫిల్టరే సరిపోయింది. ఇప్పుడు దాని ముందున్నది బ్యాక్టీరియా, అది ఆపగలిగినదే. నెలకోసారి హెచ్‌టూఎస్ సీసా పెడతారు. నల్లబడితే మళ్లీ క్లోరిన్.

ఆర్ఓను తీసేయలేదు. వేసవి సెలవుల్లో చుట్టాలొస్తే ట్యాంకు ఏప్రిల్‌కే అడుగంటుతుంది. దాని పంపు ఎలాగూ 24 వోల్టుల డీసీదే. అడాప్టర్ తీసేసి, వోల్టేజీ అటూ ఇటూ కాకుండా ఒక రెగ్యులేటర్ పెట్టి నేరుగా బ్యాటరీ బ్యాంకు నుంచి ఇచ్చాం. ఇన్వర్టర్‌తో పని లేదు. చేత్తో వేసే స్విచ్ ఒకటి. పగలు పదకొండు తర్వాత, బ్యాటరీ నిండాకే వేస్తారు. అవసరం లేని నెలల్లో కూడా వారానికోసారి గంట నడపాలి. లేకపోతే లోపలి పొరకు పాచి పడుతుంది.

ఒప్పించడం కష్టమైంది పెద్దమ్మనే. "కప్పు మీద పడ్డ నీళ్లు తాగుతరా బిడ్డా? సప్పగున్నయ్, గొంతు దిగుతలేవు" అంది. అది నిజమే. జీవితమంతా లవణాలున్న నీళ్లు తాగిన నాలుకకు వాననీళ్లు చప్పగానే ఉంటాయి. వాదించలేదు. రాగి బిందెలో పోసి, నాలుగు తులసి ఆకులు వేసి పెట్టమని ఆయన భార్యకు చెప్పాను. కొన్నాళ్లకు అలవాటైంది. ఇలాంటి నీళ్లలో కాల్షియం దాదాపు ఉండదు కాబట్టి పిల్లవాడికి పాలు, పెరుగు, రాగిజావ తగ్గకుండా చూడమన్నాను. పెద్దమ్మ మోకాళ్లు, మెడ ఈ నీళ్లతో వెనక్కి రావని ఆయనకు ముందే స్పష్టంగా చెప్పాను. ఎముకల్లో పేరుకున్నది అంత తేలిగ్గా పోదు. ఇది పిల్లవాడి కోసం, ఇంకా మిగిలిన వాళ్ల కోసం.

ఇలాంటి ఇంటికి ఇప్పుడు వెళ్తే

ఫ్లోరైడ్ పరీక్ష మేలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి చేయిస్తున్నాను. ఈ బోరులోనే అక్టోబరులో 3.9 వచ్చింది. ఒక్క పరీక్ష మీద నిర్ణయం తీసుకోను. మెషీన్ చూడకముందు వంటింట్లో కాసేపు నిలబడతాను, ఏ గిన్నెలోకి ఏ నీళ్లు పోతున్నాయో చూస్తాను. స్లాబు తప్పకుండా ఎక్కుతాను. రేకుల ఇల్లయితే రేకు పాతదా, రంగు పెచ్చులుగా లేస్తోందా అని చూస్తాను. నిర్వహణ ఎవరు చేస్తారో పేరు పెట్టి అడుగుతాను. "అందరం చూసుకుంటాం" అంటే ఎవరూ చూడరని లెక్క వేసుకుని, అంతకు తగ్గ సులువైన పద్ధతే చెబుతాను. సోలార్ ఇంట్లో ఏ మెషీన్ పెట్టినా అది ఎన్ని వాట్లు తాగుతుందన్న దానితో పాటు, దాని కోసం ఇంకేం ఆన్‌లో ఉంచాలన్నది కూడా లెక్కించాలి.

ఊరికి దగ్గరగా ఉన్న ఇల్లయితే ఇదంతా అక్కర్లేదు. భగీరథ నల్లా వస్తుంటే ఆ నీళ్లే తాగమంటాను, అవి శుద్ధి చేసి వచ్చే నీళ్లు. ఈ కుటుంబం కూడా పాలకో సామానుకో ఊరికి వెళ్లినప్పుడు బంధువుల నల్లా దగ్గర రెండు క్యాన్లు నింపుకుని వస్తుంది, ట్యాంకు, ఆర్ఓ రెండూ మొరాయించిన రోజు కోసం. పైపును తోట వైపు పొడిగించమని ఊళ్లో దరఖాస్తు పెట్టారు, చుట్టుపక్కల తోటల్లో ఉండే ఇంకో నాలుగిళ్లవాళ్లు కూడా సంతకాలు చేశారు.

ప్రస్తుతం రెండో ట్యాంకులో సగం పైన నీళ్లున్నాయి. కూలీలకు కుళాయి ఉన్న ఇరవై లీటర్ల క్యాను ఒకటి బత్తాయి చెట్ల నడుమ, రాతి మీద పెడుతున్నారు. డ్రిప్ పైపు విప్పి తాగే అలవాటు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. కోతల రోజుల్లో తోట రెండు చివర్లా రెండు క్యాన్లు పెట్టమని చెప్పాను. దూరమైతే ఎవరూ నడిచి రారు.